పదహారు వందల గ్రాముల లోటు

రాజోలు దగ్గర బరువులెత్తడం నేర్పే మా షెడ్డులో చేరిన పిల్లలు మొదటి వారంలోనే ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మీకు బాగా కష్టమనిపించిన బరువేదండీ?" ఏదో పెద్ద అంకె చెబుతానని ఎదురు చూస్తారు. నేను "పదకొండు అరటిపళ్ళు" అంటాను. వాళ్ళు మర్యాదకి నవ్వి, అవతలికి వెళ్ళాక మేడమ్‌కి కొంచెం తేడా చేసిందని అనుకుంటారు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం చేసి, దేశం తరఫున పదేళ్ళు బరువులెత్తి, మోకాళ్ళు మొరాయిస్తే ముందుగానే రిటైర్మెంటు తీసుకున్న మనిషి అరటిపళ్ళ మాట ఎత్తితే ఎవరైనా అలాగే అనుకుంటారు. అందుకని ఒకసారి మొత్తం రాసి పెడుతున్నాను. ఇందులో తప్పు నాదే. చదివి నవ్వుకోండి గానీ, మీరు మాత్రం ఆ పని చేయకండి.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరున్న ఊరు. నాన్న వేటకెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. పడవలొచ్చిన పూట ఐసు పెట్టెలు వ్యానులోకి ఎక్కించడం నా పని. ఒకరోజు మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు చేపలు కొనడానికి రేవుకి వచ్చారు. సంచి చేత్తో పట్టుకుని, చేపల సంగతి మర్చిపోయి, నన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఆ పెట్టె ఒకసారి దింపి మళ్ళీ ఎత్తమ్మా," అన్నారు.

మా నాన్న కంగారుపడ్డాడు. "ఎక్కించేసింది కదండీ మాస్టారూ. మళ్ళీ దింపడం ఎందుకండీ?"

"చూద్దామనండి."

"చూడ్డానికేముందండీ అందులో, రొయ్యలేనండి."

ఆ పెట్టె నా చేత నాలుగుసార్లు ఎత్తించారు. ఐసు కరిగిపోతోందని వ్యాను డ్రైవరు విసుక్కున్నాడు. నా ఉద్యోగ జీవితం మొదలైంది అక్కడే.

మాస్టారిది రామచంద్రపురం. గొంతు పెంచి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. మామూలుగా నన్ను "నువ్వు" అనేవారు, కూతుర్ని అన్నట్టు. కోపమొస్తే మాత్రం "మీరు" అనేవారు. ఆ "మీరు" అంటే మాకు హడల్. ఒకసారి ప్రాక్టీసు ఎగ్గొట్టి సినిమాకి వెళ్ళిన అబ్బాయిని పిలిచి, "మీరు రేపట్నుంచి రాకండి, పాపం మీకు శ్రమ," అన్నారు. ఆ అబ్బాయి అక్కడే కూర్చుని ఏడ్చాడు. బెత్తంతో కొట్టినా అంత ఏడ్చేవాడు కాదు.

ఆయన దగ్గర ఎనిమిదేళ్ళు నేర్చుకున్నాక నాకు దేశం జట్టులో చోటొచ్చింది. ఓ చలి దేశంలో పెద్ద అంతర్జాతీయ పోటీ. అదృష్టం కొద్దీ మాస్టారిని కూడా సహాయ కోచ్‌గా పంపారు. అది ఆయన సర్వీసులో ఆఖరి సంవత్సరం. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల్ని తయారు చేస్తున్నారు గానీ, ఆయన శిష్యుల్లో ఎవరూ బయట దేశంలో పతకం తీసుకున్నది లేదు. ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. బయల్దేరే ముందురోజు వాళ్ళింటికి వెళితే, వాళ్ళావిడ కాఫీ ఇస్తూ నెమ్మదిగా చెప్పారు.

"మీ మాస్టారు కొత్త సూటు కుట్టించుకున్నారమ్మా. నీకు పతకమొస్తే పక్కన నిలబడి ఫోటో తీయించుకోవాలంట. నేను చెప్పేనని మాత్రం అనకే."

ఆ సూటు సంగతి నాకు తెలుసని మాస్టారి దగ్గర అననేలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, లేకపోతే ముందుది అర్థం కాదు. మా ఆటలో మనిషి బరువుని బట్టి విభాగాలుంటాయి. అప్పట్లో ఆడవాళ్ళలో యాభై మూడు కిలోల దాకా ఒక విభాగం, యాభై మూడు దాటి యాభై ఎనిమిది దాకా ఇంకో విభాగం. నా బరువు యాభై మూడున్నర, యాభై మూడుముప్పావు అలా ఉండేది. కింది విభాగంలో మన జట్టుకి అప్పటికే ఇద్దరు మంచి అమ్మాయిలున్నారు కాబట్టి నా పేరు పైదాంట్లో రాశారు. పోటీకి ముందు అందరి బరువూ చూస్తారు. పై గీత దాటితే పోటీ లేదు. కింది గీతకి దిగువనున్నా పోటీ లేదు. ఈ రెండో మాట ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎందుకంటే మా ఆటలో బరువు తక్కువైపోయిందని ఏడ్చిన మనిషిని నేను చూడలేదు, నన్ను తప్ప.

బయల్దేరే ముందు క్యాంపులో మాకొక క్లాసు పెట్టారు. నిషేధించిన మందుల గురించి. ఒక డాక్టరు గారు తెరమీద పెద్ద జాబితా వేసి, ఈ పదార్థాలు ఏ తిండిలోనైనా కలిసి ఉండొచ్చని, పొరపాటున ఒంట్లోకి వెళ్ళినా నాలుగేళ్ళు ఆట బంద్ అని చెప్పారు. ఆ పేర్లన్నీ ఇంగ్లీషు, ఒక్కోటీ మూరెడు. నాకు ఒక్కటీ గుర్తుండలేదు, భయం మాత్రం బాగా గుర్తుండిపోయింది. క్లాసయ్యాక మాస్టారు మళ్ళీ చెప్పారు, "తెలియని మందులూ, పొడులూ ఎవరిచ్చినా తీసుకోకమ్మా" అని. ఆ మాటలో "మందులూ, పొడులూ" అన్నవి ఎక్కడ జారిపోయాయో తెలియదు, నా బుర్రలో "తెలియనిది ఏదీ తినకు" అని స్థిరపడింది.

అమ్మ కట్టిచ్చిన ఎండు రొయ్యల పొడి, మాగాయ విమానాశ్రయంలో తీసి పక్కన పెట్టేశారు. హోటల్లో చూస్తే బల్లల నిండా తిండే. ఒకటీ నాకు తెలిసినది లేదు. తెల్లగా ముద్దగా ఏదో, ఎర్రటి రసంలో ఏదో, ఆకుల్లో చుట్టి ఏదో. నేను గుర్తుపట్టినవి రెండే, రొట్టె ముక్క, ఉడికిన గుడ్డు. గుడ్డు పొట్టుతో ఉంటేనే తినేదాన్ని. పొట్టు తీసి పెడితే ఎవరు ఏం చల్లారో అని వదిలేసేదాన్ని.

నా గదిలో ఉన్నది మన ఈశాన్య రాష్ట్రాల అమ్మాయి, కింది విభాగంలో ఎత్తేది. మూడు ప్లేట్లు తినాలని ఉన్నా తినకూడదని బాధపడేది, ఎందుకంటే తన బరువు గీతకి అరకిలో ఎక్కువుంది. నేను తినగలిగీ తినేదాన్ని కాదు. మూడో రోజు హిందీలో అడిగింది.

"అక్కా, నువ్వు దేనికి ఉపవాసం? ఏమైనా మొక్కా?"

"ఆ, మొక్కే," అన్నాను. నిజం చెబితే నవ్వుతుందని.

రోజూ పొద్దున్న మాస్టారు తలుపు దగ్గరికొచ్చి అడిగేవారు. "బరువు చూసుకున్నావా అమ్మా?"

"ఆయ్, యాభై మూడున్నరండి మాస్టారూ."

ఒక్కరోజు కూడా చూసుకోలేదు. కాటా దగ్గర ఎప్పుడూ పెద్ద వరస. అందరూ పస్తులుండి, మొహాలు వేలాడేసుకుని, బరువు తగ్గాలని ఉమ్ముకునే కప్పులు చేతిలో పట్టుకుని నిలబడేవారు. వాళ్ళ మధ్యకి నేను దేనికి, నాది ఎలాగూ తక్కువే కదా అనుకున్నాను. నాది తక్కువే అన్న మాట నిజమే. ఎంత తక్కువో అని ఆలోచించలేదు.

పోటీ రోజొచ్చింది. బరువు చూసే గదిలో ఓ పెద్దావిడ కళ్ళద్దాలు ముక్కు చివరకి జార్చుకుని కూర్చుంది. కాటా ఎక్కాను. ఆవిడ అంకె చూసింది, నా కాగితం చూసింది, మళ్ళీ అంకె చూసింది. కాటా పాడైందేమోనని కాలితో తట్టి నన్ను దిగమని, మళ్ళీ ఎక్కమంది. యాభై ఒకటి, నలభై. అంటే యాభై ఒక్క కిలోల నాలుగువందల గ్రాములు. యాభై మూడుకి పదహారు వందల గ్రాములు లోటు. కింది విభాగంలోకి మారదామంటే పేర్లు ఖాయం చేసే సమావేశం ముందురోజే అయిపోయింది. ఆవిడ తన చేతి గడియారం చూపించి, వేలు చుట్టూ తిప్పింది. గంట టైముంది, ఈలోగా ఎన్నిసార్లైనా వచ్చి చూసుకోవచ్చు, తర్వాత లేదు అని.

బయట వరండాలో మాస్టారు కొత్త సూటులో నిలబడి ఉన్నారు. నీలం రంగు. ఇంకా భుజాల దగ్గర దర్జీ సుద్ద గీత పోలేదు. నేను అంకె చెప్పాను. ఆయన చాలా మెల్లగా అన్నారు.

"మీరు నిన్న యాభై మూడున్నర అని చెప్పేరండి."

"చూసుకోలేదండి మాస్టారూ."

"మొన్న?"

"మొన్న కూడా చూసుకోలేదండి."

"భోజనం చేస్తున్నారా అండీ మీరు?"

అప్పుడు మొత్తం చెప్పాను. జాబితా, తెలియని తిండి, పొట్టు తీసిన గుడ్డు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తెరిచి, "ఇక్కడే కూర్చోండి," అని సూటుతోనే పరిగెత్తారు. ఆయన పరిగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కొత్త బూట్లు, నున్నటి గచ్చు. మలుపు దగ్గర గోడ పట్టుకుని తిరిగారు.

ఐదు నిమిషాల్లో రెండు చేతులనిండా అరటిపళ్ళు, చంకల్లో నీళ్ళ సీసాలతో వచ్చారు. "ఇవి తెలుసు కదండీ మీకు. అరటిపళ్ళు. తొక్క మీరే తీసుకోండి, ఎవరూ ఏమీ చల్లలేదు." తర్వాత ఒక పండు చేతిలోకి తీసుకుని, అంత కంగారులోనూ, తిప్పి చూసి, "ఇదేం పండండీ, వాసనే లేదు. మన చక్కెరకేళి అయితే ఇలా తినమని ఒకళ్ళు చెప్పాలా," అన్నారు. గోదావరి మనిషి కదా, ప్రళయం వచ్చినా పండు బాగోలేదన్న మాట చెప్పకుండా ఉండలేరు.

వరండాలో నాతోపాటు ఇంకో అమ్మాయి ఉంది. సముద్రం ఒడ్డునున్న ఓ చిన్న దేశం పిల్ల, మా విభాగమే. ఆమె లెక్క తిరగబడింది, పై గీతకి మూడువందల యాభై గ్రాములు ఎక్కువ. ఒంటికి ప్లాస్టిక్ జాకెట్టు వేసుకుని, వరండా ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడుతోంది. ఈ చివరకి వచ్చినప్పుడల్లా నేను కనిపిస్తాను, నోటినిండా అరటిపండుతో. రెండు రోజులుగా పస్తున్న మనిషి ముందు నేను పళ్ళు తినడం, నేను తినలేక ఏడవడం. నాలుగో పండుకి ఆమె నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, ఆ చూపుతో అరటిపండు ముగ్గిపోతుంది. నేను గోడవైపు తిరిగి తిన్నాను. అది ఇంకా తప్పుగా ఉందనిపించి మళ్ళీ ఇటు తిరిగాను.

ఐదు రోజులు మాడిన కడుపు. అందులోకి ఒకేసారి పళ్ళు, నీళ్ళు కుమ్మరిస్తే ఊరుకుంటుందా? లీటరున్నర నీళ్ళు, ఆరు పళ్ళు అయ్యేసరికి పరిగెత్తుకుంటూ బాత్‌రూమ్‌కి వెళ్ళి మొత్తం కక్కేశాను. తిరిగొచ్చి కాటా ఎక్కితే యాభై ఒకటి, తొంభై. గంటలో ముప్పావు భాగం అయిపోయింది.

"ఆత్రపడకండి," అన్నారు మాస్టారు, పక్కనే బల్లమీద కూర్చుని. సూటు చేతికి అరటిపండు అంటుకుంది. "గుటక, ఆగండి. మళ్ళీ గుటక. పడవలో నీళ్ళు తోడినట్టు కాదు, సీసాలో నూనె పోసినట్టు."

అలాగే పోశాను. ఐదు పళ్ళు, గుటక గుటకకీ నీళ్ళు. యాభై రెండు, ఎనభై. ఆరు నిమిషాలు ఉంది. ఆ పక్కన ఆ అమ్మాయి కాటా దగ్గర్నుంచి వచ్చి నేలమీద కూలబడింది. ఇంకా డెబ్బై గ్రాములు ఎక్కువట. చెమట పట్టడానికి ఒంట్లో చుక్క లేదు, ఉమ్మడానికి నోట్లో తడి లేదు. వాళ్ళ కోచ్ ఒక లావుపాటి ఆవిడ. కట్లు కత్తిరించే కత్తెర తీసి, ఆ పిల్ల జడ పట్టుకుంది. లావాటి నల్లని జడ, నడుము దాకా. కత్తెర చిన్నది కావడంతో రంపంతో కోసినట్టు కోయాల్సి వచ్చింది. ఆ పిల్ల ఏడుద్దామనుకుంది గానీ కన్నీళ్ళు రాలేదు. జడ తెగి ఆవిడ చేతిలో వేలాడింది.

మాస్టారూ నేనూ చూస్తూ ఉండిపోయాం. నా నోటినిండా నీళ్ళు, ఇంకా మింగలేదు. మాస్టారు ఆ జడవైపు చూశారు, నావైపు చూశారు. తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు, చాలా గంభీరంగా అన్నారు.

"వాళ్ళకి అది ఎక్కువైంది. మనకి తక్కువైంది. ఒప్పుకుంటారంటే ఆ జడే మీకు సవరం పెట్టేయొచ్చండి."

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. నోట్లో నీళ్ళు ముక్కులోంచి కూడా వచ్చాయి. కనీసం యాభై గ్రాములు నేలపాలు. మాస్టారు "అయ్యయ్యో, వదిలేసేరేంటండీ," అని నేలవైపు అలా చూశారు, గుడ్డతో పిండి మళ్ళీ తాగిస్తారేమో అన్నట్టు. అది చూసి నాకు ఇంకా నవ్వు. ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, జడ వైపూ నా వైపూ చూపించిన మాస్టారి వేలు మాత్రం అర్థమైంది. ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది. తెగిన జుట్టు నిక్కబొడుచుకుని, ప్లాస్టిక్ జాకెట్టులో, నేలమీద పడి నవ్వింది. చివరికి వాళ్ళ లావుపాటి కోచ్ కూడా.

నవ్వాక నాకు ఒక వింత జరిగింది. ఐదు రోజుల తర్వాత ఆకలేసింది. నిజమైన ఆకలి. మిగిలిన సీసా అందుకుని ఒక్క దమ్ములో తాగేశాను, వాంతి మాత్రం రాలేదు.

ఇద్దరం ఒకరి వెనక ఒకరం లోపలికి వెళ్ళాం. ఆమె కాటా ఎక్కింది. సరిగ్గా యాభై ఎనిమిది, సున్నా సున్నా. నేను ఎక్కాను, ఊపిరి బిగబట్టి, ఊపిరికి బరువుంటుందేమోనన్న ఆశతో. యాభై మూడు, పది. పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని, కాగితం మీద సంతకం పెట్టి, నా పొట్టవైపు చూసి చిన్నగా తల ఊపింది.

ఇక అసలు పోటీ. మాకు రెండు రకాల ఎత్తడాలు. మొదటిది స్నాచ్, బరువుని నేలమీంచి ఒక్క ఊపులో తలపైకి తీసుకెళ్ళాలి. రెండోది క్లీన్ అండ్ జెర్క్, ముందు భుజాల దాకా, అక్కడ్నుంచి పైకి. ఒక్కోదానికి మూడు అవకాశాలు. రెండింటి మంచి బరువులూ కలిపి లెక్క.

స్నాచ్ మొదటి అవకాశం పోయింది. రాడ్డు పైకి వెళ్ళింది, నేను కిందికి కూర్చున్నాను, కడుపులో నీళ్ళు మాత్రం ఓ పక్కకి వెళ్ళాయి. అడుగున నీళ్ళు చేరిన నావ ఎలా ఒరుగుతుందో మా నాన్న పడవలో చాలాసార్లు చూశాను, అచ్చం అలాగే ఒరిగిపోయాను. రెండోసారి నిలబడ్డాను. మూడోసారి ఎనభై కిలోలు. మధ్యలో ఎన్నిసార్లు బాత్‌రూమ్‌కి పరిగెత్తానో చెప్పను. మాస్టారు మాత్రం లెక్కపెట్టారు.

చివరికి వచ్చేసరికి మొదటి రెండు స్థానాలు మాకెవరికీ అందనంత దూరం వెళ్ళిపోయాయి. మూడో స్థానంలో ఎవరున్నారనుకున్నారు? జడ కోయించుకున్న పిల్లే. ఎనభై మూడు, వంద, మొత్తం నూట ఎనభై మూడు. ఆమె ఆఖరి అవకాశం పోగొట్టుకుని, తువ్వాలు తలమీద వేసుకుని కూర్చుంది. నాకు ఒక్క అవకాశం మిగిలింది. నేను అంతకుముందు ఎత్తింది తొంభై ఎనిమిది. జట్టు పెద్ద కోచ్, "నూట నాలుగు పెట్టించండి, ఒక కిలో తేడాతో గెలుస్తుంది," అన్నారు. నేను ప్రాక్టీసులో కూడా నూట రెండు దాటలేదు.

"నూట మూడు చాలండి," అన్నారు మాస్టారు.

"అప్పుడు సమానమే కదా."

"ఆయ్, సమానమేనండి. సమానమైతే ఒంటి బరువు తక్కువున్న మనిషికే పై స్థానం. మనమ్మాయి ఈ విభాగం మొత్తంలో అందరికంటే తేలికండి. ఆ ఒక్క కిలో ఎందుకు మోయించడం, పొట్టలో మోస్తున్నది చాలు."

ఇప్పుడు ఆ నియమం తీసేశారు. అప్పట్లో ఉండేది. నేను ఐదు రోజులు చేసిన వెధవ పని నాకే పనికొస్తుందని మాస్టారు అప్పటికే కనిపెట్టి కూర్చున్నారు. పట్టు జారకుండా నా చేతులకి సుద్ద పొడి రాస్తూ, చెవి దగ్గరికి వచ్చి, "వెళ్ళు అమ్మా. నువ్వు ఐసు పెట్టె ఎత్తినట్టు ఎత్తు," అన్నారు. "నువ్వు" అన్నారు. సగం బరువు అక్కడే దిగిపోయింది.

నూట మూడు కిలోలు భుజాల దాకా వచ్చింది. లేచి నిలబడ్డాను. రాడ్డు మెడకింద ఆనుకుని ఉంది, హాలంతా నిశ్శబ్దం. ఆ క్షణంలో పదకొండు అరటిపళ్ళ తాలూకు త్రేన్పు వచ్చింది. చిన్నది కాదు. వేదిక దగ్గర పెట్టిన మైకు దాన్ని హాలు నలుమూలలకీ చేరవేసింది. ఎదురుగా కూర్చున్న న్యాయనిర్ణేత కనుబొమ్మలు పైకి లేచాయి. కానీ ఆ త్రేన్పుతో లోపల ఏదో బిగింపు వదిలి, ఛాతీ తేలికైంది. కాళ్ళు వంచి పైకి తోశాను. చేతులు నిటారుగా నిలబడ్డాయి. మూడు తెల్ల దీపాలు వెలిగాయి, అంటే న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఒప్పుకున్నట్టు.

దిగి వస్తుంటే మాస్టారు సూటు జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "త్రేన్పు నియమాలకి విరుద్ధం కాదు కదండీ?" అని పెద్ద కోచ్‌ని అడిగారు. కాదని ఆయన నవ్వారు. అప్పుడు మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు.

పతకం మెడలో పడ్డాక ఫోటో తీశారు. అందులో మాస్టారి సూటు చేతికి అరటిపండు మరక స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్ళావిడ ఆ ఫోటోని హాలులో పెట్టుకున్నారు, వచ్చినవాళ్ళందరికీ ఆ మరక వేలితో చూపిస్తారు.

ఆ పిల్ల సంగతి నన్ను కాసేపు పీడించింది. జడ పోయింది, పతకమూ పోయింది, అదీ నేను బక్కగా ఉన్నందుకు. డోపింగ్ పరీక్ష గదిలో ఇద్దరమూ కలిశాం. గెలిచినవాళ్ళతోపాటు ఆమె పేరు కూడా చీటీలో వచ్చిందట. సీసాలో గీత దాకా మూత్రం పోసివ్వాలి. నాది చిటికెలో అయిపోయింది. అక్కడి ఆవిడని ఇంకో సీసా కావాలా అని సైగ చేసి అడిగాను కూడా. ఆ పిల్ల ఒంట్లో మాత్రం చుక్క లేదు. మూడు గంటలు పట్టింది. నేను వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేకపోయాను. పక్కనే కూర్చుని నీళ్ళ సీసాలు మూత తీసి అందించాను. గుటక, ఆగు, మళ్ళీ గుటక అని చేత్తో చూపించాను. మాస్టారు మిగిలిన అరటిపళ్ళు లోపలికి పంపారు. ఆమె నాలుగు తింది. తిని, బుగ్గలు ఉబ్బించి నన్ను వెక్కిరించి, తన పొట్టి జుట్టు పట్టుకుని నా తలమీద పెట్టినట్టు అభినయించింది. తర్వాత ఏడాది ఇంకో దేశంలో కలిసి, అదే పొట్టి జుట్టుతో, అందరినీ ఏడు కిలోల తేడాతో ఓడించి బంగారం పట్టుకుపోయింది. జుట్టు పెంచడం ఇక మానేసిందట.

నేను ఇంటికొచ్చాక అమలాపురంలో సన్మానం చేశారు. వేదికమీద ఓ పెద్దాయన మైకు పట్టుకుని, "మన అమ్మాయి ఆకలిని జయించి పతకం తెచ్చిందండి. పస్తులుండి దేశం పరువు నిలబెట్టిందండి. ఆడపిల్లలందరూ ఈమెని చూసి నేర్చుకోవాలండి," అన్నారు. ముందు వరసలో స్కూలు పిల్లలు కూర్చుని వింటున్నారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మైకు అడిగి తీసుకున్నాను.

"ఆకలిని జయించలేదండి. భయపడి తినలేదండి. మా మాస్టారికి ఐదు రోజులు అబద్ధం చెప్పేను. గంటలో పదకొండు అరటిపళ్ళు తినిపించకపోతే అసలు పోటీలోనే లేనండి. మీరెవరూ అలా చేయకండి, కడుపునిండా తినండి."

చెప్పాల్సిందే చెప్పాను. కానీ జనం అందులో ఒక్క ముక్కే విన్నారు. మన పిల్ల పరాయి దేశంలో ఐదు రోజులు తిండి లేకుండా ఉంది. అంతే. మన కోనసీమ వాళ్ళకి అంతకంటే ఘోరం ఇంకోటి ఉంటుందా? మర్నాటి నుంచి మొదలైంది. ఒకళ్ళు పనసపొట్టు కూర, ఒకళ్ళు గిన్నెడు జున్ను, ఒకళ్ళు పూతరేకులు. ఆటో అతను డబ్బు తీసుకోకుండా తేగల కట్ట చేతిలో పెట్టేవాడు. దారిలో ఎవరైనా ఆపి, "ఏం తిన్నావమ్మా పొద్దున్న?" అని అడిగేవారు. తిన్నానంటే నమ్మేవారు కాదు, నాకు అబద్ధం చెప్పే అలవాటుందని నేనే మైకులో చెప్పాను కదా. ఇక మా అమ్మ అయితే నేను కంచం ముందు నుంచి లేవాలంటే తన అనుమతి ఉండాలని తీర్మానించింది.

రెండు నెలలయ్యాక మాస్టారు కాటా తెచ్చి తన కళ్ళతో చూశారు. యాభై తొమ్మిది, ముప్ఫై. తర్వాతి పోటీ నెల రోజుల్లో ఉంది. "మీ అమ్మగారితో ఒకసారి మాట్లాడాలమ్మా, తిండి తగ్గించమని చెప్పాలి," అని స్కూటరు తీశారు.

అమ్మ ఆయన్ని చూడగానే పీట వేసింది. మాట్లాడే పని మీద వచ్చానంటే, ముందు భోంచేయండి, తర్వాత మాట్లాడదామంది. రొయ్యల ఇగురు వడ్డించింది, చింతచిగురు వేసి. మాస్టారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కదల్లేదు. రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. మూడోసారి వద్దంటూనే చెయ్యి అడ్డం పెట్టలేదు. పెరుగు దాకా వచ్చాక గుర్తొచ్చి గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయి తిండి విషయం ఒకటి మాట్లాడదామనండి..."

అమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది. మొహం పాలిపోయింది. "ఏమండీ మాస్టారూ, చాలడం లేదా అండీ?"

మాస్టారు అమ్మ మొహం చూశారు. కంచం చూశారు.

"అబ్బే, అదేం లేదండి. చాలా బాగుందండి," అన్నారు.

చెయ్యి కడుక్కుని బయటికొచ్చి, స్కూటరు మీద కూర్చున్నారు గానీ తాళం తిప్పలేదు. నేను పక్కన నిలబడ్డాను. పొట్ట నిమురుకుంటూ అన్నారు.

"పైన ఇంకో విభాగం ఉంది కదమ్మా. ఈసారికి నీ పేరు అందులో రాసేద్దాం."